గీత గీసిన నామవాచకం ఏ పని చేస్తోంది? ఆంగ్ల పరీక్షలకు దశలవారీ మార్గదర్శి

నామవాచకాల రకాలు అడిగితే చాలామంది గడగడా అప్పజెబుతారు. అదే ఒక వాక్యంలో నామవాచకం కింద గీత గీసి "ఇది ఇక్కడ ఏ పని చేస్తోంది?" అని అడిగితే కలం ఆగిపోతుంది. పాఠకులు పదేపదే అడుగుతున్నది ఈ రెండో ప్రశ్న గురించే.

రకాల జాబితా ఎంత బట్టీపట్టినా దీనికి జవాబు దొరకదు. ఒకే పదం ఒక వాక్యంలో కర్త, మరో వాక్యంలో కర్మ, ఇంకో వాక్యంలో మరో పదానికి విశేషణంలాంటిది. పని పట్టుకోవడానికి ఒక క్రమం ఉంది. ఆ క్రమం చేతికి వస్తే తప్పులు గుర్తించే ప్రశ్నలు, ఖాళీలు పూరించే ప్రశ్నలు, కర్మణి వాక్యాలు (ప్యాసివ్ వాయిస్) కూడా సులువవుతాయి.

## 1. మొదలుపెట్టే ముందు

ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్)లో రెండో భాషగా ఆంగ్లానికి 30 మార్కులు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ (సీజీఎల్) పరీక్ష మొదటి దశలో ఆంగ్లానికి 25 ప్రశ్నలు, 50 మార్కులు; తప్పు జవాబుకు అర మార్కు కోత పడుతుంది. కోత ఉన్నచోట ఊహించి గుర్తు పెట్టడం కంటే పరీక్షించి గుర్తు పెట్టడం నేర్చుకోవాలి.

ఇవి సిద్ధంగా ఉన్నాయో లేదో చూసుకోండి:

- వాక్యంలో ప్రధాన క్రియను, దానికి సాయపడే క్రియలను గుర్తుపట్టగలగాలి.
- ఇన్, ఆన్, ఎట్, ఆఫ్, టు, ఫర్, ఫ్రమ్, విత్, బై, అబౌట్ వంటి ఇరవై ప్రిపొజిషన్లు, అంటే నామవాచకం ముందు వచ్చి దాన్ని మిగతా వాక్యంతో కలిపే పదాలు, చూడగానే తెలియాలి.
- మీరు రాయబోయే పరీక్ష పాత ప్రశ్నపత్రాలు దగ్గరుండాలి.
- ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసుకోవాలి: వాక్యం, క్రియ, నామవాచకం, దాని పని.

మొదటి అంశంలో తడబాటు ఉంటే ఇక్కడే ఆగి రెండు రోజులు క్రియల మీదే సాధన చేయండి. క్రియ దొరకకపోతే ఈ మార్గదర్శిలోని ఏ మెట్టూ పనిచేయదు.

## 2. తెలుగు అలవాటు ఎక్కడ అడ్డుపడుతుంది

తెలుగులో నామవాచకం తన పనిని తన చివరే మోసుకు తిరుగుతుంది. "రాముడు పులిని చంపాడు" అన్నా, "పులిని రాముడు చంపాడు" అన్నా చచ్చింది పులే. ఆ సంగతి "ని" అనే విభక్తి చెబుతోంది.

ఆంగ్లంలో "రామా కిల్డ్ ద టైగర్" తీసుకోండి. రెండు పేర్ల చోట్లు మారిస్తే చచ్చేది రాముడు. పదాల రూపంలో ఏ మార్పూ లేదు, కూర్చున్న చోటే మారింది. అంటే తెలుగులో విభక్తి చేసే పనిని ఆంగ్లంలో చాలావరకు స్థానం చేస్తుంది. మిగిలినది ప్రిపొజిషన్ చేస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే సగం గందరగోళం పోతుంది.

ఇంకో చిక్కు ఉంది. "నాకు ఈ పాట నచ్చింది" అన్నప్పుడు తెలుగు క్రియ పాటను అనుసరిస్తుంది, "నాకు" పక్కన నిలబడుతుంది. "ఐ లైక్ దిస్ సాంగ్" లో "ఐ" కర్త, "సాంగ్" కర్మ. అలాగే "నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు" లో ఉన్నది తమ్ముళ్ళు. "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" లో మాత్రం "బ్రదర్స్" కర్మ. అందుకని వాక్యాన్ని తెలుగులోకి మార్చుకుని అక్కడ కర్త ఎవరో చూసి జవాబు పెట్టకండి. అర్థం కోసం తెలుగు సరే. పని మాత్రం ఆంగ్ల వాక్యంలోనే వెతకాలి.

## 3. ఆరు మెట్ల వరుస

ప్రతి వాక్యానికీ ఇదే వరుస. మెట్టు దాటవేయకండి.

1. క్రియ కింద రెండు గీతలు గీయండి.
2. ప్రిపొజిషన్‌తో మొదలయ్యే ప్రతి గుంపు చుట్టూ సున్నా చుట్టండి. ఆ గుంపు చివర ఉన్న నామవాచకం ఆ ప్రిపొజిషన్‌కు కర్మ. దాని పని అక్కడితో తేలిపోయింది.
3. క్రియను "ఎవరు? ఏది?" అని అడగండి. వచ్చిన జవాబు కర్త.
4. క్రియ తర్వాత నామవాచకం మిగిలితే క్రియను "ఎవరిని? దేనిని?" అని అడగండి. వచ్చిన నామవాచకం కర్తకు వేరైతే కర్మ, కర్తే అయితే పూరకం (కర్త ఎవరో, ఏమిటో చెప్పి వాక్యాన్ని పూర్తి చేసేది).
5. క్రియ తర్వాత రెండు నామవాచకాలు మిగిలితే వాటి మధ్య సంబంధం చూడండి.
6. ఇంకా మిగిలినవి చిన్న పనులు: వివరణ, పిలుపు, స్వామ్యం, విశేషణంలా వాడటం, కాలం లేదా దూరం చెప్పడం.

ఒక వాక్యం మీద ఈ వరుసను నడిపి చూద్దాం:

"ఇన్ ది ఈవినింగ్, మై అంకుల్, ఎ ఫార్మర్ ఫ్రమ్ తెనాలి, గేవ్ ద చిల్డ్రన్ ఎ బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్."

ఇందులో ఏడు నామవాచకాలున్నాయి. క్రియ "గేవ్". ప్రిపొజిషన్ గుంపులు మూడు: "ఇన్ ది ఈవినింగ్", "ఫ్రమ్ తెనాలి", "ఆఫ్ మ్యాంగోస్". సున్నాలు చుట్టగానే మూడు నామవాచకాల పని తేలిపోయింది.

ఎవరు ఇచ్చారు? "అంకుల్", కర్త. ఏమి ఇచ్చారు? "బాస్కెట్", ప్రత్యక్ష కర్మ. ఎవరికి? "చిల్డ్రన్", పరోక్ష కర్మ. మిగిలింది "ఫార్మర్". అది "అంకుల్" ఎవరో చెబుతూ పక్కనే కామాల మధ్య కూర్చుంది. దాన్ని అపోజిషన్ అంటారు.

ఇచ్చింది మామిడిపండ్లే కదా, అదే కర్మ కావాలి కదా అని చాలామందికి అనిపిస్తుంది. అర్థంలో నిజమే. వ్యాకరణంలో "మ్యాంగోస్" ముందు "ఆఫ్" కూర్చుంది కాబట్టి అది "ఆఫ్" సొత్తు. రెండో మెట్టును మూడో మెట్టుకు ముందు పెట్టింది ఇందుకే.

## 4. కర్త: మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే

కర్త పని అడిగే ప్రశ్నలు నేరుగా రావడం తక్కువ. అవి ఏకవచన, బహువచన క్రియల తప్పుల రూపంలో వస్తాయి. క్రియ వచనాన్ని నిర్ణయించేది కర్త ఒక్కటే. పక్కనున్న నామవాచకానికి ఆ హక్కు లేదు.

"ద క్వాలిటీ ఆఫ్ దీజ్ మ్యాంగోస్ ఈజ్ గుడ్." క్రియకు దగ్గరగా ఉన్నది బహువచనం కాబట్టి చేయి "ఆర్" వైపు లాగుతుంది. సున్నా చుట్టండి. మిగిలింది "క్వాలిటీ". ఏకవచనం.

ఈ వరసలో తరచుగా వచ్చేవి:

- "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఎ నర్స్." "ఆఫ్" తర్వాత బహువచనం తప్పనిసరి, క్రియ మాత్రం "వన్" ను అనుసరించి ఏకవచనం. రెండు వైపులా తప్పు పెట్టడానికి వీలున్న వాక్యం ఇది.
- "ద టీచర్, అలాంగ్ విత్ హర్ స్టూడెంట్స్, వాజ్ ప్రెజెంట్." "అలాంగ్ విత్", "టుగెదర్ విత్", "యాజ్ వెల్ యాజ్" తో కలిసినవి కర్తలో చేరవు. "అండ్" తో కలిసినవి చేరతాయి.
- "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్", కాని "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ స్మాల్". మొదటిదానికి "చాలామంది విద్యార్థులు" అని అర్థం, రెండోదానికి "విద్యార్థుల సంఖ్య" అని.
- "ద కెప్టెన్ అండ్ కోచ్ ఈజ్ హియర్" లో మనిషి ఒక్కరే. "ద కెప్టెన్ అండ్ ద కోచ్ ఆర్ హియర్" లో ఇద్దరు. "ద" ఎన్నిసార్లు వచ్చిందో చూడండి.
- "దేర్ ఆర్ టూ బుక్స్ ఆన్ ద టేబుల్." "దేర్" చోటు నింపడానికి వచ్చిన పదం. క్రియ వచనాన్ని దాని వెనకున్న "బుక్స్" నిర్ణయిస్తుంది. "హియర్ కమ్స్ ద బస్" లోనూ కర్త క్రియ వెనకే ఉంది.

అనుమానం తీరకపోతే సర్వనామం పెట్టి చూడండి. ఆంగ్లంలో నామవాచకాలు పోగొట్టుకున్న రూపభేదం సర్వనామాల్లో ఇంకా మిగిలి ఉంది. ఆ చోట "హి" లేదా "దే" ఇమిడితే కర్త స్థానం, "హిమ్" లేదా "దెమ్" ఇమిడితే కర్మ స్థానం.

## 5. కర్మా, పూరకమా?

"రవి మెట్ ఎ డాక్టర్." "రవి బికేమ్ ఎ డాక్టర్."

రెండు వాక్యాల ఆకారం ఒక్కటే. పని వేరు. మొదటిదానిలో రవి ఒకరు, డాక్టరు మరొకరు. రెండోదానిలో ఇద్దరూ ఒక్కరే. క్రియ ఉన్న చోట సమాన గుర్తు పెట్టి చూడండి. రవి, డాక్టరు సమానమైతే ఆ నామవాచకం పూరకం, అంటే కాంప్లిమెంట్. సమానం కాకపోతే కర్మ.

"బి" క్రియ రూపాలు, "బికమ్", "రిమెయిన్", "సీమ్" వంటి క్రియల తర్వాత పూరకం కోసం చూడాలి. తెలుగులో "అతను డాక్టరు" అని క్రియ లేకుండానే చెప్పేస్తాం కాబట్టి ఈ చోటు మన కంటికి ఆనదు. "హి ఈజ్ ఎ డాక్టర్" లో "ఈజ్" ఉంది గనక "డాక్టర్" కర్మ అనుకునేవారు చాలామంది. "ఈజ్" ఎవరి మీదా పని జరపదు. దానికి కర్మ ఉండదు.

రెండో పరీక్ష కర్మణి వాక్యం. "ద టీచర్ ప్రెయిజ్డ్ రవి" ని "రవి వాజ్ ప్రెయిజ్డ్ బై ద టీచర్" గా మార్చవచ్చు. "రవి బికేమ్ ఎ డాక్టర్" ను అలా మార్చలేం. అయితే దీన్నే నమ్ముకోకండి. "షి హ్యాజ్ ఎ కార్" లో "కార్" కర్మే, కాని ఆ వాక్యం కర్మణిలోకి మారదు. ముందు సమాన గుర్తు, తర్వాతే కర్మణి.

## 6. క్రియ వెనక రెండు నామవాచకాలు

ఈ జంటను నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకోండి:

"షి మేడ్ రవి టీ." "దే మేడ్ రవి కెప్టెన్."

మళ్ళీ సమాన గుర్తే. రవి, టీ సమానం కావు. రవి కోసం టీ పెట్టింది, కాబట్టి "రవి" పరోక్ష కర్మ, "టీ" ప్రత్యక్ష కర్మ. రెండోదానిలో రవే కెప్టెన్. "రవి" కర్మ, "కెప్టెన్" కర్మకు పూరకం. "ఎలెక్ట్", "అపాయింట్", "కాల్", "నేమ్" కూడా ఈ రెండో తరహా వాక్యాలు కడతాయి.

పరోక్ష కర్మను "టు" లేదా "ఫర్" తో వెనక్కి పంపవచ్చు: "షి మేడ్ టీ ఫర్ రవి". పూరకం విషయంలో అది కుదరదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "షి గేవ్ ద బుక్ టు రవి" అన్నప్పుడు "రవి" ముందు "టు" వచ్చేసింది. రూపాన్ని బట్టి అది ప్రిపొజిషన్‌కు కర్మ. కొన్ని పాఠ్యపుస్తకాలు దీన్ని కూడా పరోక్ష కర్మ అనే పిలుస్తాయి. ఇచ్చిన నాలుగు జవాబుల్లో "ప్రిపొజిషన్‌కు కర్మ" ఉంటే అది పెట్టండి. లేకపోతే పరోక్ష కర్మ పెట్టండి.

## 7. చిన్న పనులు

అపోజిషన్. ఒక నామవాచకం పక్కనే మరొకటి కూర్చుని అదే మనిషిని, అదే వస్తువును వివరిస్తుంది. తీసేసినా వాక్యం నిలబడుతుంది. క్రియ వచనం మొదటిదాన్నే అనుసరిస్తుంది.

పిలుపు. తెలుగులో "పిల్లలు" పిలుపులో "పిల్లలారా" అవుతుంది. ఆంగ్లంలో రూపం మారదు, కామా ఒక్కటే గుర్తు: "చిల్డ్రన్, సిట్ డౌన్." ఈ "చిల్డ్రన్" ను కర్త అనుకోకండి. కర్త దాగి ఉన్న "యూ".

స్వామ్యం. "రవి అండ్ సీతాస్ హౌస్" అంటే ఇద్దరికీ కలిపి ఒకే ఇల్లు. ఎవరి ఇల్లు వారిదైతే ఇద్దరి పేర్లకూ అపాస్ట్రఫీ ఎస్ చేరుతుంది.

విశేషణంలా వాడటం. "మామిడి చెట్టు" లాగే "మ్యాంగో ట్రీ". "వాటర్" అనే పదం "డ్రింక్ వాటర్" లో కర్మ, "వాటర్ బాటిల్" లో విశేషణం పని, "వాటర్ ద ప్లాంట్స్" లో ఏకంగా క్రియ.

కాలం, దూరం. "దే వాక్డ్ టెన్ మైల్స్" లో "మైల్స్" కర్మలా కనిపిస్తుంది. దేన్ని నడిచారు అని అడగం, ఎంత దూరం అని అడుగుతాం. ఎప్పుడు, ఎంతసేపు, ఎంత దూరం అనే ప్రశ్నలకు జవాబైతే అది క్రియావిశేషణం పని చేస్తోంది.

## 8. నామవాచకం పని చేసే గుంపులు

ఒక్క పదమే కాదు, పదాల గుంపు, పూర్తి ఉపవాక్యం కూడా ఈ పీటల మీద కూర్చుంటాయి. ఆ గుంపు తీసి "ఇట్" పెట్టండి. వాక్యం నిలబడితే అది నామవాచకం పని చేస్తున్నట్టే.

రెండో అంశంలో అడ్డుపడిన తెలుగు ఇక్కడ మనకు అండగా నిలుస్తుంది:

- "ఈదడం మంచి వ్యాయామం" లోని "ఈదడం" లాంటిదే "స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఎక్సర్‌సైజ్" లోని "స్విమ్మింగ్". అది జెరండ్, అంటే క్రియకు ఐఎన్‌జీ చేరి నామవాచకంలా పనిచేసే రూపం; ఇక్కడ కర్త. "షి ఈజ్ స్విమ్మింగ్" లో అదే రూపం క్రియలో భాగం.
- "అతను చెప్పింది నిజం" అంటే "వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ". ఉపవాక్యమంతా కర్త.
- "అతను వస్తాడని నాకు తెలుసు" అంటే "ఐ నో దట్ హి విల్ కమ్". తెలుగులో "అని" వచ్చే చోట ఆంగ్లంలో ఉపవాక్యం కర్మగా వస్తుంది.

పరీక్షల్లో అభ్యర్థులను బాగా తికమకపెట్టే ఒక జంట చూడండి. "ద న్యూస్ దట్ హి పాస్డ్ ఈజ్ ట్రూ." "ద న్యూస్ దట్ హి బ్రాట్ ఈజ్ ట్రూ." తెలుగులో చెప్పుకోండి: మొదటిది "అతను పాసయ్యాడన్న వార్త", రెండోది "అతను తెచ్చిన వార్త". "అన్న" వస్తే ఆ ఉపవాక్యం నామవాచకం పని చేస్తోంది, వార్తకు అపోజిషన్. "తెచ్చిన" వంటి రూపం వస్తే విశేషణం పని చేస్తోంది. ఈ తరహా "దట్" వాక్యాలు ఎదురైనప్పుడల్లా ఈ కిటుకు వాడి చూడండి.

ఇంకొకటి. ప్రిపొజిషన్ తర్వాత క్రియ రావాలంటే జెరండ్ రూపంలోనే రావాలి. "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ" తప్పు, "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ" ఒప్పు. అక్కడున్న "టు" ప్రిపొజిషన్. దానికి నామవాచకం కావాలి.

## 9. మనవాళ్ళు తరచుగా చేసే తప్పులు, సవరణలు

- "వి డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్." తెలుగులో "సమస్య గురించి చర్చించాం" అంటాం కాబట్టి "అబౌట్" జొరబడుతుంది. "డిస్కస్" కు నేరుగా కర్మ కావాలి. "అబౌట్" కొట్టేయండి.
- "షి మ్యారీడ్ విత్ ఎ డాక్టర్", "హి రీచ్డ్ టు హైదరాబాద్". ఇవీ అదే జబ్బు. "విత్", "టు" తీసేయండి.
- "హి ఎక్స్‌ప్లెయిన్డ్ మి ద లెసన్." "ఎక్స్‌ప్లెయిన్" పరోక్ష కర్మను ముందు ఉంచుకోదు. "హి ఎక్స్‌ప్లెయిన్డ్ ద లెసన్ టు మి" అనాలి. "సజెస్ట్" కూడా ఇంతే.
- "హి గేవ్ మి మెనీ అడ్వైసెస్." తెలుగులో సలహాలు లెక్కపెడతాం, ఆంగ్లంలో లెక్కపెట్టరు. "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అనవచ్చు. "ఇన్ఫర్మేషన్", "ఫర్నిచర్", "లగేజ్", "ఎక్విప్‌మెంట్", "సీనరీ" ఈ కోవలోవే. వీటికి బహువచనం ఎస్ కనిపిస్తే తప్పు అక్కడే ఉంది.
- "ద న్యూస్ ఆర్ గుడ్." చివర ఎస్ ఉన్నా "న్యూస్" ఏకవచనం. పాఠ్యాంశం పేరుగా "మ్యాథమేటిక్స్" కూడా అంతే. "సిజర్స్", "ట్రౌజర్స్" మాత్రం బహువచనాలు.
- "ఎ ఫైవ్ ఇయర్స్ ప్లాన్." తెలుగులో "ఐదేళ్ళ ప్రణాళిక" అని బహువచనం వాడతాం. ఆంగ్లంలో విశేషణం పని చేసే నామవాచకం ఇలాంటి చోట ఏకవచనంలో ఉండాలి: "ఎ ఫైవ్ ఇయర్ ప్లాన్", "ఎ టెన్ రుపీ నోట్". "స్పోర్ట్స్ డే", "సేవింగ్స్ బ్యాంక్" వంటివి స్థిరపడిపోయిన మినహాయింపులు.
- "ఐ డోంట్ నో వేర్ డజ్ హి లివ్." ఉపవాక్యం కర్మగా మారగానే ప్రశ్న వరుస పోతుంది. "వేర్ హి లివ్స్" అనాలి.

## 10. పది రోజుల సాధన

మొదటి మూడు రోజులు రోజుకు పది వాక్యాలు తీసుకుని మొదటి మూడు మెట్లే చేయండి. తర్వాతి మూడు రోజులు కర్మ, పూరకం. ఏడో రోజు చిన్న పనులు, ఎనిమిదో రోజు గుంపులు. చివరి రెండు రోజులు పాత ప్రశ్నపత్రాలు, గడియారం పెట్టుకుని.

తప్పు పోయిన ప్రతి వాక్యం పక్కన ఏ మెట్టులో జారారో రాయండి. "తప్పు" అని గుర్తు పెట్టి వదిలేస్తే అదే తప్పు మళ్ళీ వస్తుంది. మీరు ఎక్కువగా రెండో మెట్టులో, అంటే సున్నాలు చుట్టడంలో తొందరపడి జారుతున్నారేమో మీ నోటు పుస్తకమే చూపిస్తుంది.

## 11. ఇప్పుడే చేసి చూడండి

చివరి నామవాచకం పని చెప్పండి. జవాబులు కింద ఉన్నాయి, ముందు చేత్తో కప్పండి.

1. "హర్ సన్ రిమెయిన్డ్ ఎ క్లర్క్."
2. "ద కమిటీ అపాయింటెడ్ లక్ష్మి సెక్రటరీ."
3. "ద బాయ్ సెంట్ హిజ్ మదర్ ఎ లెటర్."
4. "వి వెయిటెడ్ ద హోల్ మార్నింగ్."
5. "ఐ మెట్ హర్ బ్రదర్, ఎ లాయర్."
6. "ప్లీజ్ కమ్ హియర్, డాక్టర్."

జవాబులు: 1. కర్తకు పూరకం. 2. కర్మకు పూరకం. 3. ప్రత్యక్ష కర్మ. 4. ఎంతసేపు అని చెబుతోంది, క్రియావిశేషణం పని. 5. "బ్రదర్" కు అపోజిషన్. 6. పిలుపు.